అడుగు రంగు

రంగు నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మ కంటె ముందుగా కంటబడేది ఫిలిం అంతటా పరచుకొని ఉన్న నారింజ ఛాయ. పాతబడటం వల్ల పట్టిన మరకగా దానిని చాలామంది భావిస్తారు. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో ఇటువంటి ఛాయ ఉండదు. స్లయిడ్ ఫిలింలోనూ ఉండదు. రంగు నెగెటివ్‌కు మాత్రమే ఉన్న ఈ అడుగు రంగును ఫిలిం తయారీలోనే, ఒక ప్రయోజనం కోసం, ఉద్దేశపూర్వకంగా చేర్చారు. దానిని ఎలా తొలగించాలో తెలియకపోవడం వల్ల, గత శతాబ్దపు చివరి పాతికేళ్ల కుటుంబ చరిత్ర ఎంతో కొంత తప్పుడు రంగులతో కంప్యూటర్లకు ఎక్కుతున్నది. సూరత్‌లో ఉద్యోగం చేస్తూ కొన్ని వందల నెగెటివ్‌లను పరిశీలించిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది.

సూరత్‌లోని తెలుగువారి సంగతి పాఠకులలో కొందరికైనా విదితమే. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ తరలివచ్చి, లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల సరసన తెలుగు మాధ్యమం కూడా చోటు చేసుకోవడం ఆ వలస ఎంత పెద్దదో తెలుపుతుంది. మార్కండేయ మహర్షిని కొలవడం, ఆశ్వయుజ మాసంలో బతుకమ్మ ఆడటం వారు తమతో తెచ్చుకున్న ఆచారాలు. అయితే ఈ సమాజాన్ని గురించిన లిఖిత ఆధారాలు స్వల్పం. రేషన్ కార్డు, బడి రిజిస్టరు, మగ్గం యజమాని దగ్గరి కూలి ఖాతా - వీటిలో మనిషి పేరు, వయస్సు, వేతనం దొరుకుతాయి. ఆ మనిషి ఏ రంగు చీర కట్టుకుని ఏ పండుగ చేసుకున్నదీ వాటిలో దొరకదు. అది ఫోటోలలో ఉంది.

1980, 1990 దశకాలలో వీధివీధినా కలర్ ల్యాబ్‌లు వెలిశాక, సామాన్య కుటుంబాలకు సైతం పెళ్లినాడో పండుగనాడో ఒక రీలు ఫిలిం కొనగల స్తోమత కలిగింది. ముప్పయి ఆరు బొమ్మలు, ముప్పయి ఆరు ప్రింట్లు, వాటితో పాటు నాలుగేసి ఆరేసి బొమ్మల ముక్కలుగా కత్తిరించిన నెగెటివ్ పట్టీలు - ఇంటికి వచ్చేది ఇదే. ప్రింట్లు ఆల్బంలోకి, నెగెటివ్‌లు కాగితపు కవరులోకి వెళ్లేవి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధికభాగం మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆల్బంలు బురద ముద్దలయ్యాయి. పెట్టెలో అడుగున ఉన్నవి నానిపోగా, అటక మీద పడవేసినవి బతికాయి. అటక మీద ఉన్నవి చాలావరకు ఎవరూ పట్టించుకోని నెగెటివ్‌లే.

లింబాయత్‌లో ఒక కుటుంబం దగ్గర అటువంటి రేకు పెట్టె ఉంది. ఒక కవరు మీద తెలుగులో '1994 దసరా' అని రాసి ఉన్నది. ఆ ఏడాది అందరికీ గుర్తే. సెప్టెంబరు చివరి భాగంలో సూరత్‌లో ప్లేగు వార్త వ్యాపించగానే లక్షలాది మంది రైళ్లు, బస్సులు పట్టుకొని నగరం విడిచిపోయారు. అక్టోబరు మొదటి పక్షంలో బతుకమ్మ రోజులు వచ్చాయి. వెళ్లినవారందరూ ఇంకా తిరిగి రాలేదు; ఉన్న కొద్దిమంది ఆడవారు సందులో బతుకమ్మను పెట్టుకొని ఆడారు. ఆ ఇంటి పెద్దామె కుమారుడు ఈ నెగెటివ్‌లను ఒక ల్యాబ్‌లో స్కాన్ చేయించి తెచ్చాడు. బొమ్మలు స్పష్టంగానే ఉన్నాయి గాని, ముఖాలకు నీలి నీడ పట్టింది, నేల ఊదారంగుకు తిరిగింది, బంతిపూలు మీగడ రంగులోకి దిగిపోయాయి. పెద్దామె కళ్లద్దాలు సరిచేసుకొని, "గివి మేం పేర్చిన పూలేనా సారూ? గిట్ల తెల్లవోయినయేంది?" అన్నది. "పూలు నెగెటివ్‌లో పదిలంగానే ఉన్నాయమ్మా, వాటిని బయటికి తీసిన పద్ధతిలోనే తేడా ఉంది" అని చెప్పాను. ఆ మాటకు రుజువు చూపవలసిన బాధ్యత నా మీద పడింది.

ల్యాబ్ యంత్రం చేసింది సులభంగానే ఊహించవచ్చు. స్వయంచాలక పద్ధతిలో కంప్యూటరుకు అడుగు రంగు ఎంతో తెలియదు. అది బొమ్మను చూసి ఊహిస్తుంది. ఏ దృశ్యంలోనైనా అన్ని రంగులనూ కలిపి సగటు తీస్తే ఇంచుమించు బూడిద రంగు వస్తుందన్నది ఆ ఊహకు ప్రాతిపదిక. చెట్టు, ఆకాశం, గోడ, మనుషులు సమంగా ఉన్న బొమ్మలో ఈ లెక్క కుదురుతుంది. బతుకమ్మ బొమ్మలో సగటు బూడిద రంగు ఎలా అవుతుంది? బంతి, చామంతి, తంగేడు, మధ్యలో పసుపు గౌరమ్మ - చట్రమంతా పసుపు, నారింజలే. యంత్రం ఆ పూల రంగును కూడా ఫిలిం నారింజలో భాగంగా లెక్కగట్టి, రెండింటినీ కలిపి తీసివేసింది. 1994లో ప్రింటు వేసిన యంత్రాలూ దాదాపు ఇదే సగటు లెక్క మీద పనిచేసేవి. అయితే వాటి ముందు కూర్చున్న ఆపరేటరు బొమ్మను చూసి, ఇది పూల బొమ్మ అని గ్రహించి, మీటలు నొక్కి దిద్దేవాడు. అతని స్థానం ఇప్పుడు ఖాళీ.

ఇంతకూ ఆ నారింజ ఎందుకు పెట్టవలసి వచ్చింది? రంగు నెగెటివ్‌లో పసుపు, మెజెంటా, సయన్ అనే మూడు రంగులు మూడు పొరలలో ఏర్పడతాయి. పసుపు నీలి కాంతిని, మెజెంటా ఆకుపచ్చ కాంతిని, సయన్ ఎర్ర కాంతిని మాత్రమే ఆపాలి. కాని రసాయనశాస్త్రం అంత పరిశుద్ధమైన రంగులను ఇవ్వలేదు. మెజెంటా తన పని తాను చేస్తూనే కొంత నీలి కాంతిని కూడా మింగుతుంది; సయన్ కొంత ఆకుపచ్చను, కొంత నీలాన్ని మింగుతుంది. ఈ అదనపు మింగుడు బొమ్మలో ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది కనుక దిద్దడం కష్టం. 1940 దశకంలో కొడాక్ సంస్థ పరిశోధకుడు వెస్లీ హాన్సన్ దీనికి ఒక ఉపాయం రూపొందించాడు. రంగును పుట్టించే కప్లర్ అనే పదార్థానికే ముందుగా లేత రంగు ఉండేలా చేశాడు. మెజెంటాను పుట్టించే కప్లర్‌కు పసుపు ఛాయ, సయన్‌ను పుట్టించే దానికి ఎరుపు ఛాయ. డెవలప్ చేసినప్పుడు ఎక్కడ రంగు పుడుతుందో అక్కడ కప్లర్ ఖర్చయి దాని ఛాయ తగ్గుతుంది. పుట్టని చోట ఛాయ మిగిలి ఉంటుంది. కొత్త రంగు తెచ్చే దోషమూ, మిగిలిపోయిన ఛాయా కలిపితే ఫిలిం అంతటా ఒకే మొత్తం అవుతుంది. ఆ పసుపు, ఆ ఎరుపు కలిసినదే మన కంటికి కనిపించే నారింజ. అది ప్లాస్టిక్ పట్టీ రంగు కాదు. దాని మీది జెలటిన్ పొరలలో ఉంటుంది. చోటుచోటుకూ మారే దోషాన్ని అంతటా సమానం చేయడమే హాన్సన్ సాధించినది. సమానంగా ఉన్నదానిని ఒక్క లెక్కతో తీసివేయవచ్చు. స్లయిడ్‌ను నేరుగా తెరమీద చూస్తారు కనుక అందులో ఈ ఏర్పాటుకు అవకాశం లేకపోయింది.

ఇందులో మనకు పూర్తిగా కొత్తదేమీ లేదనిపిస్తుంది. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి తెలుసు: తెల్లని నూలుబట్టను అలాగే అద్దకానికి తీసుకోరు. కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. బట్టకు పసుపు కలిసిన ఛాయ వస్తుంది. తెలియనివారు చూస్తే తెల్లని గుడ్డను పాడుచేశారనుకుంటారు. ఆ కరక్కాయ పట్టు లేనిదే ఇనుప నీటితో వేసిన గీత నల్లబడదు, పటిక అద్దిన చోట ఎరుపు నిలవదు. పాలు లేనిదే రంగు అంచు దాటి పాకకుండా ఉండదు. పని పూర్తయ్యాక ఉతుకులతో ఆ అడుగు ఛాయను తగ్గిస్తారు. ఆంగ్లేయుల వర్తకస్థానం మచిలీపట్నంలో 1611లోను, జహంగీరు అనుమతితో సూరత్‌లో 1613లోను ఏర్పడింది. రెండు చోట్లా వారిని ఆకర్షించిన సరకులలో ముఖ్యమైనది రంగు బట్టే. అడుగు రంగును ఉపకరణంగా వాడుకోవడం ఈ రెండు రేవుల వెనుక ఉన్న అద్దకపువారికి ఫిలింకు శతాబ్దాల ముందే తెలిసిన విద్య.

ఇక తీసివేయడంలోని లెక్క. తీసివేత అన్నాను గాని నిజానికి అది భాగహారం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫిలింలో బొమ్మ లేని ఖాళీ భాగం గుండా వచ్చిన కాంతిని స్కానర్ ఎరుపు 200, ఆకుపచ్చ 100, నీలం 50 అని కొలిచిందనుకోండి. బొమ్మలో ఒక సిమెంటు గోడ భాగం 100, 50, 25 అని వచ్చింది. అడుగు రంగుతో భాగిస్తే మూడింటా సరిగ్గా సగం. అంటే ఆ గోడ ఏ రంగూ లేని బూడిద వర్ణమని తేలింది. అలా కాక 200 నుంచి 100, 100 నుంచి 50, 50 నుంచి 25 తీసివేస్తే 100, 50, 25 మిగులుతాయి. గోడకు లేని రంగు అంటుకుంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన రంగు అద్దాల గుండా కాంతి పోయేటప్పుడు ప్రతి అద్దమూ తనకు చేరిన కాంతిలో ఇంత భాగమని ఆపుతుంది. అందువల్ల భాగహారమే సరైన మార్గం. అయితే అంకెలు కాంతి పరిమాణానికి అనుపాతంగా ఉన్నప్పుడే ఇది చెల్లుతుంది. తెర మీద చూడటానికి వీలుగా ప్రోగ్రాము ముందే మలచిన అంకెల మీద చేస్తే ఫలితం తప్పుతుంది. భాగించిన తరువాతనే నెగెటివ్‌ను తలకిందులు చేసి పాజిటివ్‌గా మార్చాలి; నెగెటివ్‌లో వెలుగునీడల తేడా మందంగా ఉంటుంది కనుక దానిని పెంచాలి. మూడు పొరల తీరు అచ్చంగా ఒకటి కాదు కాబట్టి చివర కొద్దిపాటి సర్దుబాటు మిగులుతుంది.

ఖాళీ భాగం ఎక్కడ దొరుకుతుంది? రెండు బొమ్మల మధ్య సందులోను, పళ్ల రంధ్రాల చుట్టూను. రీలు మొదట కెమెరాలోకి ఎక్కించే కొస పనికిరాదు. దానికి పట్టపగటి వెలుతురు తగిలి ఉంటుంది కనుక డెవలప్ అయ్యాక అది అన్నిటికంటె నల్లగా మారుతుంది. ఒక రీలులో కొలిచినది మరొక రీలుకు చెల్లదు. కంపెనీ మారితే నారింజ మారుతుంది; ఒకే కంపెనీ ఫిలింలో సైతం తయారైన విడత, డెవలప్ చేసిన ద్రవం, దాచిన తీరు, గడిచిన ఏళ్లు దానిని మారుస్తాయి. 1972లో వచ్చిన సి-41 విధానం ప్రకారం డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు నిమిషాల పదిహేను సెకన్లు ఉండాలి. పెళ్లిళ్ల కాలంలో రద్దీగా నడిచిన ప్రతి ల్యాబూ ఆ నియమాన్ని అక్షరాలా పాటించిందని భావించలేము. కాబట్టి ప్రతి రీలుకూ దాని కొలత దానిదే. అంచు మీద ముద్రించిన కంపెనీ పేరు, బొమ్మ సంఖ్యలు కూడా స్కాన్‌లో పడేలా చూస్తే ఆధారం ఆ బొమ్మలోనే భద్రంగా ఉంటుంది.

స్కానర్ విషయంలో ఒక ఇబ్బంది తప్పదు. నారింజ పొర నీలి కాంతిని ఎక్కువగా ఆపుతుంది కనుక నీలి కొలతకు అందే కాంతి తక్కువ. ఎరుపుకు సరిపోయిన వెలుతురులో నీలం చీకటిగా నమోదై, ఆ చీకటిని తరువాత పైకి లాగితే ఇసుక చల్లినట్లు గరుకుదనం వస్తుంది. మంచి స్కానర్లలో మూడు రంగులకూ వేరువేరుగా వెలుతురు సమయం నిర్ణయించే వీలుంది. నీలానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. ఒక్కో రంగుకు పదహారు బిట్ల వివరంతో, నష్టం లేని టిఫ్ పద్ధతిలో దాచాలి. రీలు మొత్తానికి ఒకే అమరిక ఉంచాలి. బొమ్మబొమ్మకూ యంత్రాన్ని స్వయంగా మార్చనిస్తే ఒకే సాయంత్రం ముప్పయి ఆరు వేళలుగా చీలిపోతుంది.

అడుగు రంగు తీసివేసిన తరువాత అసలు ప్రశ్న మొదలవుతుంది. బొమ్మలో కనిపించే అదనపు ఛాయ అంతా ఫిలింది కాదు. 1994 దసరా రీలులో మొదటి బొమ్మలు సాయంకాలపు ఎండలో తీసినవి. వాటిలో పసుపు ఉంది. చివరివి చీకటి పడ్డాక ట్యూబులైటు కింద తీసినవి. పగటి వెలుతురు కోసం తయారైన ఫిలిం మీద ట్యూబులైటు ఆకుపచ్చగా పడుతుంది. ఫిలిం నారింజ తయారీదారుది. సాయంకాలపు పసుపు ఆ వేళది. ట్యూబులైటు ఆకుపచ్చ ఆ సందుది. మొదటిదానిని పూర్తిగా తీసివేయాలి. అందుకు కొలత ఉంది. రెండవదానిని తీసివేస్తే సాయంత్రం మధ్యాహ్నమవుతుంది. మూడవదానిని, ముఖాలు గుర్తుపట్టేందుకు వీలుగా కొంత తగ్గించవచ్చు. కాని తగ్గించినట్లు రాసిపెట్టాలి. స్వయంచాలక పద్ధతి ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి పారవేస్తుంది. బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది, దాని కాలం మాత్రం అందులో ఉండదు.

ఈ వివేకం సూరత్‌వాసులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడి వజ్రాల పనివారు రాతిలోని పసుపు జాడను విడిగా చూసి నిర్ణయించరు; రంగు ముందే నిర్ధారించిన నమూనా రాళ్ల పక్కన పెట్టి పోలుస్తారు. అద్దకం మిల్లులో మగ్గం నుంచి వచ్చిన గ్రే క్లాత్ స్వంత ఛాయను లెక్కలోకి తీసుకోకుండా రంగు కలపరు. నమూనా ముక్కతో సరిపోల్చేది కూడా నిర్ణీతమైన దీపం కిందనే. పక్కన ఒక ప్రమాణం లేకుండా కంటిని నమ్మరాదన్నది ఈ ఊరి రెండు ప్రధాన వృత్తుల పాఠం. నెగెటివ్‌కు ఆ ప్రమాణం దాని అంచులోనే ఉంది.

ఆ రీలును ఈ పద్ధతిలో తిరిగి స్కాన్ చేశాము. నెగెటివ్‌లో బురద నీలంగా ఉన్న పూలు ముదురు నారింజ బంతులై బయటపడ్డాయి. చీరలు తమ రంగులకు వచ్చాయి. కొందరు స్త్రీలు కొంగును ముక్కుకు అడ్డంగా కట్టుకొని ఉన్నారు. ఆ కొంగుల అంచులు కూడా తెలిశాయి. మొదటి స్కాన్‌లో ఊదా నేలలో కలిసిపోయిన ఒక తెల్లని చార కాలువ వెంబడి పొడుగునా కనిపించింది. ముగ్గు అనుకున్నాను. పెద్దామె తల అడ్డంగా ఊపింది. "ముగ్గు గాదు సారూ, బ్లీచింగు పౌడరు. గప్పుడు గల్లీ గల్లీల చల్లిన్రు. దాని మీదనే అడుగువెట్టి ఆడినం" అన్నది. ఆ చార తెల్లనిదని చెప్పగలిగింది కొలత; అది ఏ తెలుపో చెప్పగలిగింది జ్ఞాపకం. ముగ్గుకూ బ్లీచింగు పొడికీ తేడాను ఏ స్కానరూ చెప్పలేదు. అయితే ఊదారంగు నేలను చూపించి ఉంటే ఆ ప్రశ్న అడగాలని నాకూ తోచేది కాదు, ఆమెకూ గుర్తు వచ్చేది కాదు. వెళ్లిపోయినవారు వెళ్లిపోగా, ఆ వారాలలో సూరత్‌లో నిలిచిన కొందరు తెలుగు స్త్రీలు భయం నడుమనే పండుగ చేశారనడానికి ఇప్పుడు ఒక సాక్ష్యం ఉంది.

చరిత్ర విద్యార్థికి ఇది పరిచయమైన పనే. సూరత్ వర్తకస్థానపు లేఖలు విలియం ఫాస్టర్ సంపాదకత్వంలో 1906 నుంచి సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిలో ప్రతి మనిషీ, ప్రతి సంఘటనా కంపెనీ లాభనష్టాల ఛాయలోనే కనిపిస్తాయి. ఆ ఛాయ ఉన్నదని వాటిని పారవేయము. ఆ ఛాయతోనే నమ్మము. రాసినవాని అవసరం ఎంతో అంచనా కట్టి, దానిని మినహాయించి చదువుతాము. మినహాయించేటప్పుడు ఆ కాలపు వెలుగును కూడా తుడిచివేయకుండా జాగ్రత్తపడతాము. ఫిలిం విషయంలో మనకున్న సౌలభ్యమేమంటే, లేఖకుని అడుగు రంగును అంచనా కట్టాలి. ఫిలిం అడుగు రంగును కొలవవచ్చు.

సినిమా నెగెటివ్‌ల కోసం 1964లోనే పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది. కుటుంబాల నెగెటివ్‌లకు అటువంటి నీడ లేదు. జిల్లా గ్రంథాలయాలు, కుల సంఘాలు, పురావస్తు ప్రదర్శనశాలలు ఇప్పుడిప్పుడే పాత ఫోటోలను సేకరించి కంప్యూటరుకెక్కించే పనికి పూనుకుంటున్నాయి. అటువంటి పనికి ఉత్తర్వులు రాసే అధికారులు ఒప్పందపత్రంలో నాలుగు షరతులు చేర్చితే చాలు. అంచుతో సహా స్కాన్ చేయాలి. ఏ దిద్దుబాటూ లేని మొదటి స్కాన్‌ను విడిగా భద్రపరచాలి. దిద్దిన ప్రతితో పాటు ఏ కొలతతో దిద్దారో, ఏ వెలుతురును ఉంచారో ఒక చీటీ జతపరచాలి. స్కాన్ అయిందన్న కారణంతో నెగెటివ్‌ను పారవేయరాదు. బొమ్మల లెక్కన డబ్బు చెల్లించే పనిలో ఈ షరతులు వేగాన్ని తగ్గిస్తాయి. ఖర్చు కొంత పెరుగుతుంది. కాని తొందరగా తప్పుగా చేసినదానిని తిరిగి చేయించే ఖర్చు ఏ ఒప్పందంలోనూ కనిపించదు.

ఇళ్లలో నెగెటివ్‌లు ఉన్నవారికి చెప్పవలసింది కూడా కొంత ఉంది. వాటిని తడిచేతులతో ముట్టరాదు. అంచులు మాత్రమే పట్టుకోవాలి. పీవీసీ కవరులలో కాక, ఆమ్లం లేని కాగితపు కవరులలో ఉంచాలి. వంటింటి అటక కంటె, గాలి ఆడే చల్లని గది అలమరా మేలు. తడిసి ఒకదానికొకటి అంటుకున్న వాటిని పొడిగా లాగితే జెలటిన్ పొర ఊడివస్తుంది; తెలిసినవారి చేతికి ఇవ్వాలి. రంగులు ఎలాగూ నెమ్మదిగా వెలుస్తూనే ఉంటాయి. కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు. లింబాయత్ రీలు తిరిగి ఆ ఇంటికే చేరింది. కాగితపు కవరు మీద పెద్దామె మనుమరాలు బొమ్మల సంఖ్యలు వేసి, ఒక్కొక్క సంఖ్య ఎదుట అందులో ఉన్నవారి పేర్లు తెలుగులో రాస్తున్నది. పదిహేడవ బొమ్మలో ఇద్దరి పేర్లు ఇంకా తెలియలేదు. ఊరికి ఉత్తరం రాసి అడుగుతామన్నారు.